ముద్ద మింగని తాతయ్యకు ఏం చేయగలం?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మా తాతయ్యకు 84. ఊపిరితిత్తుల కేన్సర్. ఇక చికిత్సతో లాభం లేదని డాక్టర్లు చెప్పాక ఇంటికి తెచ్చుకున్నాం. హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్ల బాధ తగ్గించే సేవ) నర్సు వారానికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తున్నారు. కొన్ని రోజులుగా తాతయ్య ఏమీ తినడం లేదు. నాన్న బతిమాలి నోట్లో పెడుతుంటే పొలమారుతోంది. పోనీ సెలైన్ అయినా ఎక్కించాలని నాన్న పట్టుబడుతున్నారు. నొప్పికి రాసిచ్చిన మార్ఫిన్ ఇస్తే ప్రాణం తొందరగా పోతుందని అత్తయ్య ఆ సీసా దాచేస్తోంది. రాత్రిళ్లు నేనూ అమ్మా మార్చి మార్చి కూర్చుంటున్నాం. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంటే చాలా భయంగా ఉంది. పదేళ్ల తమ్ముడు తాతయ్య దగ్గర కూర్చుంటానంటున్నాడు, రానివ్వచ్చా?
– ఒక మనవరాలు

జవాబు: అమ్మా, ముందు ఆ సీసా సంగతి చూద్దాం. మీ అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించు.

ఇలాంటి ఇళ్లకు నర్సుగా వెళ్తూ నేను ఎక్కువసార్లు విన్న భయం ఇదే. డాక్టర్ చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుకుంటూ వచ్చిన మార్ఫిన్ ప్రాణం తీయదు. ఆ పని జబ్బు చేస్తోంది. చివరి రోజుల్లో ఇచ్చే మందు కాబట్టి, ఆఖరి ఊపిరి ఏదో ఒక మోతాదు తర్వాతే పోతుంది. చూస్తున్నవాళ్ల మనసులో ఆ రెండూ ముడిపడిపోతాయి. అత్తయ్యకు తండ్రి మీద ప్రేమ లేక కాదు, ఆ మోతాదు తన చేత్తో ఇవ్వాల్సి వస్తుందేమోనని భయం.

నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ద్రవం దాదాపు అరగంటలో పని మొదలుపెడుతుంది, నాలుగు గంటలపాటు ఉంటుంది. అందుకే మూలిగేదాకా ఆగకూడదు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన డాక్టర్ సిసిలీ సాండర్స్ గట్టిగా చెప్పింది ఇదే: నొప్పి మళ్లీ తలెత్తకముందే, గడియారం చూసి మందు ఇవ్వాలి. ఆమె మొదట నర్సు. మంచం పక్కన నిలబడి చూసినవాళ్లకే ఇది తెలుస్తుందని నా నమ్మకం. మీ తాతయ్యది ఊపిరితిత్తుల జబ్బు. ఈ మందు నొప్పినే కాదు, ఊపిరాడని ఆ బాధను కూడా తగ్గిస్తుంది. మొదటి కొద్ది రోజులు మగతగా ఉంటారు, కడుపులో తిప్పవచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికి మందు ఇచ్చారో లేదో నర్సును అడుగు. ఒక నోట్‌బుక్‌లో టైము, మోతాదు రాసిపెట్టండి. మోతాదు మీ అంతట మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. మోతాదు పెంచిన తర్వాత అకస్మాత్తుగా లేపినా లేవకుండా, ఊపిరి మరీ నెమ్మదిగా అయిపోతే, తర్వాతి మోతాదుకు ముందే ఫోన్ చేయండి. మింగలేకపోతున్నారంటే మందు ఆపేయకండి. చర్మం కింద ఇచ్చే పద్ధతి ఉంది, నర్సు ఏర్పాటు చేస్తారు.

ఇక నాన్న. ఆయన బాధ నాకు అర్థమవుతోంది. తండ్రి ఆకలితో పోతున్నాడని ఏ కొడుకు చూస్తూ ఊరుకుంటాడు? కానీ ఈ దశలో శరీరానికి తిండిని వాడుకునే శక్తే ఉండదు. ఆకలి కూడా చాలావరకు పోతుంది. తాతయ్య తల తిప్పేసుకుంటున్నారంటే మొండితనం కాదు, వద్దని చెప్పడమే. పొలమారుతోందంటే ఆహారం ఊపిరితిత్తుల దారి పడుతోందన్నమాట. అది న్యుమోనియాకు దారితీస్తుంది, ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. దయచేసి బలవంతంగా పెట్టడం ఈ రోజే ఆపండి. బాగా మెలకువగా ఉండి తానే అడిగితే, తల ఎత్తిపెట్టి ఒక్కో చెంచా ఇవ్వండి.

సెలైన్ గురించి డాక్టర్‌నే నేరుగా అడగమను. కొందరికి అవసరం పడుతుంది. కానీ చివరి రోజుల్లో గుండె, మూత్రపిండాలు నీరసించి ఉంటాయి, ఎక్కించిన నీరు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పెంచవచ్చు. అక్కడ దాహమనిపించేది ఎక్కువగా ఎండిపోయిన నోరే. దానికి మందు నాన్న చేతిలోనే ఉంది. మెత్తటి స్పాంజి గానీ శుభ్రమైన గుడ్డ గానీ తడిపి, నీరు కారకుండా పిండి, గంటకో రెండు గంటలకో ఒకసారి చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల నెమ్మదిగా తుడవమను. పెదవులకు క్రీమ్ రాయమను (ఆక్సిజన్ పెడుతుంటే పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు). ఈ పని నాన్నకే అప్పగించు. ముద్ద పెట్టలేని చేతులకు చేయడానికి ఏదో ఒకటి కావాలి.

ఊపిరి వేగంగా సాగి, నెమ్మదించి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలవడం చివరి దశలో తరచూ కనిపించేదే. చూసేవాళ్లకు ఉన్నంత బాధ మగతలో ఉన్న మనిషికి ఉండదు. తట్టి లేపొద్దు. గొంతులో గరగర వినిపిస్తే ఒక పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తులో పెట్టండి. మెలకువలో ఆయాసపడుతుంటే చిన్న ఫ్యాన్ గాలి ముఖం మీదికి తగిలేలా చూడండి, దీంతో నిజంగా ఉపశమనం ఉంటుంది. పుండ్లు పడకుండా ఒత్తిగిల్లేలా చేయడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడడం మీ నర్సు నేర్పే ఉంటారు.

తమ్ముణ్ణి రానివ్వు. ముందే ఏం కనిపిస్తుందో చెప్పు: తాతయ్య మాట్లాడకపోవచ్చు, ఊపిరి వింతగా వినిపించవచ్చు, చెయ్యి చల్లగా ఉండవచ్చు. వాడు ఎప్పుడు బయటికి వెళ్లాలనుకుంటే అప్పుడు వెళ్లనివ్వు. తాతయ్యకు వినిపించదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, చివరి గంటల్లో స్పందన లేకుండా ఉన్న హాస్పిస్ రోగుల్లో కొందరి మెదడు శబ్దాలకు స్పందిస్తూనే ఉందని తేలింది. సెలైన్ మీద వాదనలు పెట్టుకుంటే వేరే గదిలో పెట్టుకోండి. మంచం దగ్గర ఆయన పేరు పెట్టి పిలిచి, ఆయనతోనే మాట్లాడండి.

నువ్వూ అమ్మా ఇద్దరే రాత్రిళ్లు మోయడం ఎక్కువ రోజులు సాగదు. నాన్నకూ అత్తయ్యకూ చెరో రాత్రి ఇవ్వండి. అత్తయ్యకు మొదటిసారి మోతాదు ఇవ్వాల్సి వచ్చినప్పుడు నర్సు పక్కన ఉంటే మంచిది, భయం చాలావరకు అప్పుడే పోతుంది.

రేపు నర్సు వచ్చినా రాకపోయినా రెండు విషయాలు ఫోన్‌లోనే అడిగి రాసుకో. అర్ధరాత్రి ఎవరికి చేయాలి? ఊపిరి పూర్తిగా ఆగిపోతే మరణాన్ని ఎవరు వచ్చి ధ్రువీకరిస్తారు? ఆ ఘడియ వచ్చాక పరుగెత్తాల్సిన పని ఏదీ ఉండదు. టైము చూసి రాసుకుని, కావాలనుకున్నంతసేపు దగ్గర కూర్చుని, ఆ తర్వాత ఆ నంబరుకు ఫోన్ చేయండి.