స్టేడియమా, పేదల ఇళ్లా? లిఫ్టులు బాగుచేసేవాడి జవాబు

ప్రజల సొమ్ముతో ప్రొఫెషనల్ జట్లకు స్టేడియాలు కట్టాలా, లేక తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ అద్దె ఇళ్లు కట్టాలా అని అడిగారు. ఇళ్లే కట్టాలి. అయితే మీరిద్దరూ, అంటే ప్రశ్న అడిగినవారూ స్టేడియం కావాలని వాదించే మీ మిత్రుడూ, కట్టడం గురించే మాట్లాడుతున్నారు. కట్టడం పెద్ద విషయం కాదు. రిబ్బను కత్తిరించడానికి ఎవరైనా వస్తారు. పదేళ్ల తర్వాత మోటారు కాలిపోయినప్పుడు ఎవరు వస్తారో నాకు బాగా తెలుసు. వచ్చేది నేనే.

నేను లిఫ్టు మెకానిక్‌ని. చాలాకాలం ఒక కంపెనీలో పనిచేశాను. మా కంపెనీ చేతిలో ఒకపక్క ఒక స్టేడియం లిఫ్టులు, ఇంకోపక్క ప్రభుత్వ అద్దె ఇళ్ల బ్లాకుల లిఫ్టులు ఉండేవి. రెండూ ప్రజల సొమ్ముతో కట్టినవే. రెండింటికీ వెళ్లేది మేమే, పట్టుకెళ్లేది అవే పనిముట్లు. తేడా అంతా మేం ఏఎంసీ అని పిలుచుకునే నిర్వహణ ఒప్పందంలో ఉండేది. స్టేడియం ఒప్పందం లావుపాటి పుస్తకం. మ్యాచ్ రోజుల్లో మెకానిక్ అక్కడే కూర్చోవాలి, ముఖ్యమైన విడిభాగాలు అక్కడే బీరువాలో ఉండాలి, లిఫ్టు ఆగిన ప్రతి గంటకూ మా కంపెనీకి జరిమానా. ఇళ్ల బ్లాకుల ఒప్పందం నాలుగు కాగితాలు. ‘వీలైనంత త్వరగా’ అన్న మాట అందులో ఎన్నిచోట్ల ఉందో చెప్పలేను. విడిభాగం మార్చాలంటే మూడు సంతకాలు కావాలి. ఆ మూడు సంతకాలు పెట్టేవాళ్లు ముగ్గురూ ఒకే రోజు ఆఫీసులో ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. ఒక బ్లాకులో రెండు లిఫ్టులు. ఒకటి, దాన్ని నడిపించే కంట్రోలర్ బోర్డు పోయి, వారాల తరబడి మూలనపడి ఉంది. బోర్డు కోసం కాగితాలు కదులుతున్నాయని అందరూ అంటున్నారు. రెండోది ఆరోజు మధ్యాహ్నం ఆగిపోయింది. తలుపు లాక్ దగ్గర కాంటాక్టు అరిగిపోయిందని వెళ్లగానే అర్థమైంది. నేను తొమ్మిదో అంతస్తులో తలుపు విప్పుకుని కూర్చున్నాను. అదే అంతస్తులో ఒక పెద్దాయనకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆరోజు కూడా వెళ్లాల్సిన రోజే. పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లమీద దించడం మొదలుపెట్టారు. ప్రతి మలుపులోనూ కుర్చీ కాళ్లు గోడకు తగులుతున్నాయి. ఆయన ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, రెండో చేత్తో ఫైలు గుండెకు అదుముకున్నాడు. కుర్రాళ్లను ఏమీ అనలేదు, నన్నూ ఏమీ అనలేదు. అదే ఇబ్బంది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడే మా సూపర్‌వైజర్ ఫోను. స్టేడియంలో మ్యాచ్ మొదలవబోతోంది, అక్కడ ఉండాల్సినవాడికి జ్వరం, ప్రముఖుల గ్యాలరీకి వెళ్లే లిఫ్టు తలుపు మూసుకోవడం లేదు, ఉన్నపళంగా రమ్మన్నాడు. ఇక్కడ పని సగంలో ఉందన్నాను. ‘అక్కడ జరిమానా లేదు కదా’ అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, ఉన్న మాటే అన్నాడు. నేను పనిముట్లు సర్దుతుంటే పెద్దాయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

‘ఎక్కడికి బాబూ?’

‘స్టేడియానికమ్మా. అక్కడ లిఫ్టు ఆగింది.’

‘అక్కడికొచ్చేవాళ్లు మెట్లెక్కలేరా?’

జవాబు చెప్పకుండా దిగిపోయాను. స్టేడియంలో సమస్య ఏమిటంటే, ఎవరో తలుపు జారే గాడిలో తీపి పానీయం ఒలకబోశారు. అది అంటుకుపోయి తలుపు కదలడం లేదు. తడిగుడ్డ పని. తుడిచాక సంతకం కోసం సామాన్ల గదికి వెళ్లాను. ఆ బీరువాలో, సీలు కూడా విప్పని అట్టపెట్టెలో, నేను ఇందాక వదిలి వచ్చిన బ్లాకుకు కావాల్సిన కంట్రోలర్ బోర్డు ఉంది. అదే తయారీ, అదే మోడల్. ఎప్పుడైనా అవసరమవుతుందని కొని పెట్టారు. దాన్ని పట్టుకెళ్లానా అని అడగకండి, బీరువా తాళం నా దగ్గర ఉండేది కాదు. రాత్రి మళ్లీ బ్లాకుకు వెళ్లి రెండో లిఫ్టు కాంటాక్టు మార్చాను. మొదటి లిఫ్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇది ఒక నిర్లక్ష్యపు ఆఫీసు కథ అనుకుంటే పొరపాటు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరాన్ని చూడండి. అక్కడ 1950ల మధ్యలో ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ గృహ సముదాయం కట్టారు. పదకొండేసి అంతస్తుల భవనాలు 33, మొత్తం 2,870 ఇళ్లు. తర్వాత న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ను రూపొందించిన మినోరు యమసాకియే దీనికీ ఆర్కిటెక్ట్. కట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. నిర్వహణ మాత్రం అద్దెల్లోంచే జరగాలన్నారు. అద్దెకుండేది పేదలు. ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ అద్దె తగ్గింది, అద్దె తగ్గేకొద్దీ మరమ్మతు ఆగింది, మరమ్మతు ఆగేకొద్దీ ఇంకొన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయి. 1969లో అద్దెదారులు అద్దె కట్టబోమని సమ్మె కూడా చేశారు. 1972లో కూల్చివేత మొదలైంది, కొన్నేళ్లలో మొత్తం నేలమట్టం. అప్పటినుంచి ‘చూశారా, పేదలకు ఇళ్లిస్తే ఇంతే’ అనడానికి ఆ కూల్చివేత ఫొటో ఒకటి దొరికింది అందరికీ.

అదే నగరం ప్రజల సొమ్ముతో కప్పున్న స్టేడియం కట్టించి, 1995లో రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును లాస్ ఏంజెలెస్ నుంచి రప్పించుకుంది. లీజులో ఒక షరతు ఉంది: 2005లో ఒకసారి, 2015లో ఒకసారి చూసినప్పుడు ఆ స్టేడియం దేశంలోని ఆ లీగు స్టేడియాలన్నింటిలో పై పాతిక శాతంలో ఉండాలి. లేకపోతే జట్టు లీజు తెంచుకుని పోవచ్చు. మళ్లీ చదవండి. ‘పనిచేసే స్థితిలో ఉండాలి’ అని కాదు, ‘అందరికంటే మెరుగైనవాటిలో ఒకటిగా ఉండాలి’ అని. 2013లో మధ్యవర్తులు జట్టు అడిగిన మార్పులే సరైనవని తేల్చారు. వాటి ఖర్చు సుమారు 70 కోట్ల డాలర్లు. నగరం తనవల్ల కాదంది. 2016లో జట్టు తిరిగి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు రాష్ట్రం, కౌంటీ (జిల్లాలాంటిది), నగరం కలిసి ఏడాదికి 2.4 కోట్ల డాలర్ల చొప్పున ఆ స్టేడియం అప్పు కడుతూనే వచ్చాయి. కోర్టుకెళ్లాక 2021లో లీగు వైపునుంచి 79 కోట్ల డాలర్ల పరిహారం వచ్చిందన్నది నిజమే, అది దాచను. కానీ ఆ జట్టు 2020 నుంచి ఆడుతున్న కొత్త స్టేడియం ప్రధానంగా ప్రైవేటు డబ్బుతో కట్టిందే. అంటే కట్టుకోగలరు. ఇచ్చేవాళ్లు ఉన్నంతకాలం పుచ్చుకుంటారు, అంతే.

ఒకే నగరం. జట్టుకు ‘పై పాతిక శాతం’. అద్దెదారులకు ‘మీ అద్దెల్లోంచి చూసుకోండి’. నా అభిప్రాయమంతా ఈ రెండు వాక్యాల మధ్యే ఉంది. స్టేడియం డబ్బు ఇళ్లకు మళ్లించమని అడగడం కంటే, స్టేడియం లీజులోని ఆ షరతును ఇళ్ల ఒప్పందంలో రాయమని అడగడం మంచిది.

లండన్‌లో 2012 ఒలింపిక్స్ స్టేడియం ఇంకో వింత. దాన్ని ఫుట్‌బాల్‌కు పనికొచ్చేలా మార్చడానికి 32.3 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. 2016 నుంచి వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్బుకు 99 ఏళ్లకు ఇచ్చారు, మొదట్లో అద్దె ఏడాదికి సుమారు 25 లక్షల పౌండ్లు. ఒప్పందం బయటపెట్టాక తేలిందేమిటంటే, గడ్డి సంరక్షణ, భద్రతా సిబ్బంది, చివరికి మైదానం మూలల్లో పాతే జెండాల ఖర్చు కూడా యజమానిదే, అంటే ప్రజలదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. నేను తిరిగిన బ్లాకుల్లో మెట్ల దగ్గర బల్బు పోతే అద్దెదారులే చందాలేసుకుని కొనుక్కునేవాళ్లు.

ఇక ‘ఆర్థిక ప్రభావ నివేదిక’ అని ఒకటి వేస్తారు. స్టేడియం వస్తే ఇన్ని ఉద్యోగాలు, ఇంత వ్యాపారం అని. దశాబ్దాలుగా దీన్ని పరిశీలించిన ఆర్థికవేత్తల్లో అత్యధికులు చెప్పేది ఒకటే: స్థానిక ఆదాయం చెప్పుకోదగ్గంత పెరగదు. మ్యాచ్‌కు పెట్టిన డబ్బు మరోచోట పెట్టకుండా మిగిల్చినదే కదా. అయినా ఆ నివేదికలు రంగుల బొమ్మలతో వస్తూనే ఉంటాయి. కెనడాలోని మాంట్రియల్ నగరానికి అప్పట్లో మేయర్ అయిన జాన్ డ్రాపో, మగవాడు బిడ్డను కనడం ఎంత అసాధ్యమో తమ ఒలింపిక్స్‌కు నష్టం రావడం అంత అసాధ్యమన్నాడు. 1976 క్రీడలకు కట్టిన స్టేడియం అప్పు 2006లో తీరింది. అది తీరడానికి పొగాకు మీద పన్ను కూడా వేయాల్సి వచ్చింది.

‘ఇళ్లిస్తే పాడుచేస్తారు’ అనేవాళ్లకు నా వృత్తి తరఫున ఒక మాట. ప్రూయిట్-ఐగోలో డబ్బు ఆదా కోసం లిఫ్టులు ఒకటి, నాలుగు, ఏడు, పది అంతస్తుల్లోనే ఆగేలా పెట్టారు. మిగతావాళ్లు మెట్లెక్కాలి, దిగాలి. అలాంటి లిఫ్టులే సింగపూర్ పాత ప్రభుత్వ బ్లాకుల్లోనూ ఉండేవి. అక్కడ అందుకోసం భవనాలు కూల్చలేదు. 2001 నుంచి ఒక కార్యక్రమం పెట్టి, వీలైన బ్లాకులన్నింటిలో ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఆగేలా మార్చుకుంటూ వచ్చారు. టౌన్ కౌన్సిళ్లు నెలనెలా నిర్వహణ రుసుము వసూలుచేసి, అందులో కొంత పెద్ద మరమ్మతులకు పక్కన పెట్టడం చట్టం ప్రకారం తప్పనిసరి. 2017 నుంచి లిఫ్టులు మార్చడానికే వేరే నిధి ఉంది. లిఫ్టు నిధి! ఆ వార్త చదివినరోజు ఇంట్లో అందరికీ బిగ్గరగా చదివి వినిపించాను, ఎవరూ పట్టించుకోలేదు.

పాడుచేసేవాళ్లు లేరని కాదు. బటన్లు లైటరుతో కాల్చినవాళ్లను చూశాను, తలుపుకు సైకిలు అడ్డంపెట్టి ఇంట్లోకి వెళ్లి కబుర్లు చెప్పుకునేవాళ్లనూ చూశాను. కానీ ప్రముఖుల గ్యాలరీ లిఫ్టులో అద్దం పగలగొట్టినవాళ్లనూ చూశాను. అక్కడ మర్నాటికి కొత్త అద్దం వచ్చింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

డబ్బెక్కడిది అంటారా? వియన్నా నగరం 1923లో ఇళ్లమీద ఒక పన్ను వేసింది. ఇల్లు ఎంత ఖరీదైనదైతే అంత ఎక్కువ రేటు. ఆ పన్ను ఆసరాతో 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. ఇప్పటికీ ఆ నగరపాలన చేతిలో సుమారు 2.2 లక్షల ఇళ్లున్నాయి. ఆదాయ పరిమితి ఎక్కువ కాబట్టి మధ్యతరగతివాళ్లూ వాటిలో ఉంటారు. నన్నడిగితే కిటుకు అక్కడే ఉంది. గట్టిగా ఫిర్యాదు రాయగలిగిన స్కూలు మాస్టారు ఆరో అంతస్తులో ఉంటే, తొమ్మిదో అంతస్తు పెద్దాయనకు కూడా లిఫ్టు నడుస్తుంది.

క్రీడలంటే నాకు గిట్టదనుకోకండి. పిల్లలు ఆడుకునే మైదానాలకు, ఈత కొలనులకు ఎంత ఇచ్చినా కాదనను. ఆటగాళ్లకు కోట్లు ఇవ్వగలిగిన జట్టు తన పైకప్పు తాను వేసుకోలేదా అన్నదే నా ప్రశ్న. మీ ఊళ్లో స్టేడియం ప్రతిపాదన వస్తే పత్రికా ప్రకటన చదివి ఊరుకోకండి, లీజు పూర్తి ప్రతి అడగండి. మొదటి పేజీల్లో ఏమీ ఉండదు, అనుబంధాల్లో ‘నిర్వహణ ప్రమాణాలు’ అన్న భాగం వెతకండి. తర్వాత మీ దగ్గరి ప్రభుత్వ అద్దె ఇళ్ల ఒప్పందం తెప్పించుకుని అదే భాగం కోసం చూడండి. చాలాచోట్ల ఆ భాగమే ఉండదు. లేనిచోట, స్టేడియం అనుబంధంలో జట్టు పేరు కొట్టేసి బ్లాకు పేరు రాసి, వినతిపత్రంగా ఇచ్చేయండి.