రోడ్డెక్కే ముందు: పదహారేళ్ల మనవరాలికి ఒక లేఖ

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పొద్దున ఎనిమిది గంటల పల్లె వెలుగు బస్సు మీ ఊరి స్టేజీకి వచ్చేసరికే కిక్కిరిసి ఉంటోందనీ, చాలా రోజులు ఆపకుండానే వెళ్లిపోతోందనీ, సాయంత్రం ట్రిప్పు చెప్పాపెట్టకుండా రద్దవుతుండడంతో చీకటి పడ్డాక ఆటోల్లో వేలాడుతూ ఇళ్లు చేరుతున్నారనీ, ఈ అవస్థ పడలేక నీతోపాటు ఇంటర్‌లో చేరిన ఇద్దరు అమ్మాయిలు చదువే మానేశారనీ రాశావు. వచ్చే సోమవారం అందరినీ కూడగట్టి మెయిన్ రోడ్డు మీద రాస్తారోకో చేయాలనుకుంటున్నావనీ, ఈ వయసులో ఇలాంటి పనికి దిగవచ్చో లేదో చెప్పమనీ అడిగావు.

దిగవచ్చు. దిగాలనే నేను అంటాను. బస్సు రాని ఊళ్లో మొదట బడి మానేది ఆడపిల్లలేనని ఉపాధ్యాయుడిగా ఎన్నో ఊళ్లలో కళ్లారా చూశాను. అబ్బాయి ఎవరి బండి వెనకో ఎక్కి వెళ్లిపోతాడు; అమ్మాయి ఆలస్యంగా ఇల్లు చేరిన నాలుగో రోజున ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. ఆ ఇద్దరు పిల్లల సంగతి చదివాక నాకు మనసు మనసులో లేదు. అయితే వచ్చే సోమవారమే రోడ్డు మీద కూర్చోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు వయసు సంగతి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును మన రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులందరికీ ఇచ్చింది. అందులో పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. 1992లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక, 15వ అధికరణంలో పిల్లలకు కూడా ఈ హక్కు ఉందని విడిగా చెప్పింది. కనుక "చిన్నపిల్లవు, నీకెందుకు" అని ఎవరైనా అంటే తలవంచుకోవలసిన పని లేదు.

నీ వయసు అమ్మాయే ఒకతె చేసిన పని నీకు చెప్పాలి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఫార్మ్‌విల్ అనే చిన్న పట్టణంలో నల్లజాతి పిల్లల కోసం మోటన్ హైస్కూలు ఉండేది. 180 మంది కోసం కట్టిన ఆ బడిలో 450 మందికి పైగా కుక్కేసి, చోటు చాలక తారు కాగితం కప్పిన పాకల్లో పాఠాలు చెప్పేవారు. బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల విద్యార్థిని ఒకనాడు తన బస్సు తప్పిపోయి రోడ్డు పక్కన నిలబడి ఉండగా, తెల్లపిల్లల బడి బస్సు సగం ఖాళీగా ఆమెను దాటుకుంటూ వెళ్లిపోయింది. ఏదో ఒకటి చేసి తీరాలని ఆ రోజే నిశ్చయించుకున్నానని తరువాత ఆమె చెప్పుకుంది. కానీ మర్నాడే సమ్మె కట్టలేదు. నమ్మకమైన కొద్దిమంది తోటి విద్యార్థులను రహస్యంగా కలుపుకొని, నెలల తరబడి ఆలోచించి, 1951 ఏప్రిల్ 23న బడి మొత్తాన్ని బయటికి నడిపించింది. వారు అడిగినది మంచి బడి భవనం. ఇవ్వవలసినది ఆ జిల్లా పాఠశాలల బోర్డు. ఆ రెండూ వారికి మొదటి రోజు నుంచీ స్పష్టంగా తెలుసు. సమ్మె రెండు వారాలు సాగింది. న్యాయవాదులు వచ్చి, భవనం వరకే ఆగకుండా జాతులవారీగా బడులను వేరు చేయడాన్నే ప్రశ్నించమన్నారు. ఆ దావా చివరికి బ్రౌన్ కేసులో కలిసి, 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వేర్పాటును కొట్టివేసింది.

మిగతా కథ కూడా నీకు తెలియాలి. ఆమె ప్రాణానికి ముప్పు ఉందని భయపడి తల్లిదండ్రులు ఆమెను అలబామాలో ఉన్న తండ్రి సోదరుడి ఇంటికి పంపేశారు. తీర్పు అమలు చేయడం ఇష్టం లేని ఆ జిల్లా 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ బడులనే మూసేసింది. నువ్వు అడుగుతున్నది ఒక బస్సు ట్రిప్పే కనుక అంతటి కష్టం రాదు. అయినా మొదలుపెట్టినవారి మీద ఎంతో కొంత భారం తప్పకుండా పడుతుందని ముందే తెలుసుకొని మొదలుపెట్టాలి.

ఇప్పుడు నీ పనికి వస్తాను. "బస్సు సమస్య తీర్చాలి" అని అడిగితే "చూస్తాం" అంటారు, అంతటితో సరి. డిపో మేనేజరు తన అధికారంలో రేపే చేయగలిగినదేమిటో వెతికి దాన్నే అడగాలి. పొద్దుటి బస్సు వెనక పావుగంటలో ఇంకో ట్రిప్పు నడపడమా, బస్సు వేళను కాలేజీకి అనుకూలంగా మార్చడమా, సాయంత్రం ట్రిప్పును రద్దు చేయకూడని ట్రిప్పుగా ఉంచడమా, మీ ఊరికి నైట్ హాల్ట్ బస్సు వేసి పొద్దున అక్కడి నుంచే బయలుదేరేట్టు చూడడమా? వీటిలో ఏది మీకు ఎక్కువ ఉపయోగమో, ఏది డిపోకు తక్కువ ఖర్చో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలతో కూర్చొని తేల్చుకోండి. నాకు తెలిసినంతలో మీకు నైట్ హాల్ట్ బస్సే మేలు, ఎందుకంటే మీ ఊళ్లోనే బయలుదేరే బస్సు మిమ్మల్ని వదిలి వెళ్లలేదు.

దానికి ఆధారం కావాలి. ఒక నోటు పుస్తకం తీసుకొని స్టేజీ దగ్గర టీ కొట్టులో ఉంచండి. రోజూ ఒకే వరుస రాయాలి: తేదీ, బస్సు వచ్చిన వేళ, బస్సు నంబరు, ఆపిందా లేదా, ఎంతమంది మిగిలిపోయారు, వారిలో ఎంతమంది ఆడపిల్లలు, ఆ రోజు కాలేజీకి ఎన్ని గంటలకు చేరారు. చివర కొట్టాయన సంతకం పెట్టాలి. ఇంటర్ పిల్లలకు 75 శాతం హాజరు కావాలి కదా, పోయిన మొదటి పీరియడ్‌ల లెక్క కూడా పక్కనే వేయండి. కోపంతో కొట్టిన నినాదాన్ని అధికారి సాయంత్రానికి మరచిపోతాడు; మూడు వారాలు విడవకుండా రాసిన ఆ పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెడితే పక్కకు తోసేయడానికి ఎవరికైనా చేయి రాదు. "ఆ రోజు బస్సు ఆగింది" అని వారు వాదించినా నంబరు, వేళ మీ దగ్గర ఉంటాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవారు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. "ఉచిత బస్సు వల్లే మాకు చోటు లేదు" అని మీలో కొందరు అబ్బాయిలు ప్లకార్డు రాస్తారు, చూడు. దాన్ని ఒప్పుకోవద్దు. ఆ బస్సులో కూలికి వెళ్లే మీ మేనత్త, ఆసుపత్రికి వెళ్లే పక్కింటి అవ్వ మీకు పోటీదారులు కారు. జనం పెరిగినప్పుడు బస్సులు పెరగలేదన్నదే మీ ఫిర్యాదు. "ఊరికే తిరుగుతూ మళ్లీ డిమాండ్లా" అని ఎవరైనా అంటే, కండక్టరు ఆడవారికి డబ్బు తీసుకోకుండా ఇచ్చే ప్రతి జీరో టికెట్టుకూ ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లించే ఏర్పాటు ఉందని నిదానంగా చెప్పు. అందుకే అమ్మాయిలందరూ ప్రతి రోజూ జీరో టికెట్టు అడిగి తీసుకోవాలి. ఆ స్టేజీలో ఎంతమంది ఎక్కుతున్నారో డిపో లెక్కల్లో కనబడేది దానివల్లే.

పుస్తకం నిండాక వినతిపత్రం రాసి, మీ తల్లిదండ్రుల సంతకాలూ, వీలైతే గ్రామ పంచాయతీ తీర్మానమూ జతచేసి డిపో మేనేజరుకు ఇవ్వండి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అదే ప్రతిని సోమవారం కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ట్రిప్పు ఏయే తేదీల్లో రద్దయింది, ఏ కారణంతో రద్దయింది అని సమాచార హక్కు చట్టం కింద మీ అమ్మ పేరున ఒక దరఖాస్తు పెట్టించు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉత్తరాలతో ఏమవుతుందని అనుకోవద్దు. 2021లో కోవిడ్ కారణంగా ఆగిపోయిన బస్సు కోసం రంగారెడ్డి జిల్లాలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణకు ఉత్తరం రాసింది. ఆయన ఆర్టీసీ అప్పటి ఎండీ సజ్జనార్ దృష్టికి తేగా, ఆ ఊరికి బస్సు మళ్లీ వచ్చింది. ఆమె ఏ ఊరికి, ఎవరెవరికి, ఎందుకు బస్సు కావాలో సూటిగా రాసింది; మీ వినతిపత్రం కూడా ఒక పేజీ దాటకూడదు.

వినతిపత్రంలో మీరు రాసిన గడువులోగా జవాబు రాకపోతే అప్పుడు కూర్చోండి, కానీ డిపో గేటు పక్కన కూర్చోండి. మెయిన్ రోడ్డు మీద మీరు ఆపేది ఎవరిని? కూలికి వెళ్లేవారిని, అంబులెన్సును, మీలాగే పరీక్షకు వెళ్లే ఇంకో ఊరి పిల్లలను. బస్సు వేయగలిగిన అధికారి ఆ సమయంలో తన గదిలో ఉంటాడు. పైగా దారి అడ్డగిస్తే భారతీయ న్యాయ సంహిత కింద కేసు పెట్టవచ్చు. మన జిల్లాల్లో తరచుగా పోలీసు చట్టం 30వ సెక్షన్ అమల్లో ఉంటుంది. అది ఉన్నప్పుడు అనుమతి లేకుండా సభ, ఊరేగింపు పెట్టకూడదు. నీకు పద్దెనిమిది నిండలేదు గనుక నిన్ను లాకప్‌లో పెట్టరాదనీ, అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలనీ 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. కానీ నీ పిలుపు విని వచ్చే డిగ్రీ కుర్రాళ్లకు ఆ రక్షణ లేదు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు పడితే పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగం విచారణల్లో ఏళ్ల తరబడి జవాబు చెప్పుకోవలసినవారు వారే. నాయకత్వం తీసుకునేటప్పుడు నువ్వు ముందుగా లెక్క వేసుకోవలసినది ఇదే. అందుకని రెండు మూడు రోజుల ముందే స్టేషనుకు వెళ్లి, ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎంతమంది కూర్చుంటారో రాసి ఎస్‌ఐ గారికి ఇచ్చి అనుమతి అడగండి. తల్లులు నలుగురైనా మీతో కూర్చోవాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లలను తెచ్చి ముందు వరుసలో పెట్టవద్దు. ఫొటో బాగా వస్తుందని ఎవరు చెప్పినా వినవద్దు. ఆ రోజు డ్యూటీలో ఉన్న డ్రైవరు, కండక్టరు పేర్లెత్తి నినాదాలు ఇవ్వవద్దు, వారు కూడా అదే రద్దీలో నలుగుతున్నారు. బస్సు అద్దం మీద ఒక్క రాయి పడినా మరునాడు పేపర్లో మీ నోటు పుస్తకం ఉండదు, ఆ అద్దమే ఉంటుంది.

పార్టీల వారు తప్పకుండా వస్తారు. ఒకరు టెంటు వేస్తామంటారు, ఇంకొకరు మైకు తెస్తామంటారు, సాయంత్రానికి రెండు జెండాలు లేస్తాయి. 1969లో ఖమ్మం ప్రాంతంలో విద్యార్థులు తెలంగాణ వారికి హామీ ఇచ్చిన రక్షణల అమలు కోసం మొదలుపెట్టిన ఉద్యమం తెలంగాణ అంతా పాకింది. కాల్పుల్లో ఎందరో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఉద్యమం పేరుతో తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో పది స్థానాలు గెలిచింది, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ తరం విద్యార్థుల గుండెల్లో మిగిలిన బాధను నేను దగ్గర నుంచి చూశాను. ఎవరు మద్దతు తెలిపినా నమస్కారం పెట్టి, వారిని జనంలో కూర్చోమనండి. జెండా, మైకు మాత్రం వద్దని మొదటి రోజే చెప్పేయండి. విలేఖరులతో ఒక్కరే మాట్లాడాలి, ఒక్క కోరికే చెప్పాలి. అమ్మాయిల ఫొటోలు గ్రూపుల్లో పెట్టకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పగించు.

ఎప్పుడు లేవాలో కూర్చోకముందే నిర్ణయించుకోండి. మేనేజరు బయటికి వచ్చి "సోమవారం నుంచి వేస్తాను" అంటే, తేదీతో రాసి ఇమ్మనండి. రాసిస్తే లేచి, దండం పెట్టి ఇళ్లకు వెళ్లండి; ఇంకా ఏదో అడుగుదామని ఎవరైనా రెచ్చగొట్టినా ఆగవద్దు. రాసివ్వకపోతే అనుకున్న వేళకే లేచి, మరునాడు ప్రాంతీయ మేనేజరు కార్యాలయానికి అదే పుస్తకంతో వెళ్లండి. ఆడపిల్లలు ఎట్టి పరిస్థితుల్లోనూ పొద్దు గూకేలోపు ఇళ్లు చేరాలి. బస్సు వచ్చాక కూడా ఆ పుస్తకం రాయడం మానవద్దు, ఎందుకంటే ఇలా వేసిన ట్రిప్పులు సెలవుల తరువాత మాట లేకుండా ఆగిపోవడం మామూలే. ప్రాక్టికల్స్, పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి గనుక ఈ పని అంతా దసరా లోపు ముగించేలా చూసుకో.

మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆమె భయపడుతోందని నాకు తెలుసు, ఫోనులో నేను మాట్లాడతాను. మానేసిన ఆ ఇద్దరు పిల్లల ఇళ్లకు నువ్వు మొదట వెళ్లి, వారి పేర్లు కూడా వినతిపత్రంలో రాయవచ్చా అని వారి తల్లిదండ్రులను అడుగు. చిత్తుప్రతి రాసి పంపు, తప్పులు దిద్ది తిరిగి పంపిస్తాను. ప్రజావాణికి వెళ్లే రోజున నేను కూడా వస్తాను, కానీ అర్జీ మాత్రం నీ చేత్తోనే ఇవ్వాలి.

ఇట్లు,
మీ తాతయ్య