డ్రాయింగు మార్చకు: విమానం కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీహర్షకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

మీ అమ్మ నిన్న ఫోను చేసి, మన బెంగళూరులో యెలహంక అవతల నువ్వొక షెడ్డు అద్దెకు తీసుకున్నావనీ, అమెరికా నుంచి జెనిత్ సీహెచ్ 701 విమానపు కిట్ తెప్పించుకోబోతున్నావనీ, ఈ సంగతి మీ నాన్న దగ్గర మాత్రం ఎత్తవద్దన్నావనీ చెప్పింది. ఫోను పెట్టేశాక నాకు మొదట కలిగింది గర్వమే. మన ఇంట్లో విమానాల జోలికి పోయినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను. ఆ గర్వం కాఫీ కలుపుకునేంత సేపు కూడా నిలవలేదు. విమానపురలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఉన్నది ఇంధన వ్యవస్థల తనిఖీలో. అందువల్ల ఎవరైనా విమానం అనగానే నాకు రెక్కలు గుర్తుకు రావు, ట్యాంకు నుంచి ఇంజను దాకా పోయే గొట్టం గుర్తుకు వస్తుంది. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది; విసుగనిపించినా చివరిదాకా చదువు.

చిన్న సంగతులు ముందు ముగిస్తాను. పెట్టెలు వచ్చిన రోజే విప్పి, జాబితాతో సరిచూసి, తక్కువైన వాటి గురించి వెంటనే కంపెనీకి రాయి. రంధ్రం వేసిన ప్రతిచోటా అంచున లేచిన పదునైన లోహపు పొరను, అంటే బర్‌ను, తీసెయ్యి. రేకులను కలిపి పట్టే మేకు, అంటే రివెట్, మధ్య నుంచి రేకు అంచుకు, రివెట్ వ్యాసానికి రెండింతల దూరం తగ్గనివ్వకు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ అరువు తెచ్చుకోక సొంతానికి కొనుక్కో. ఏఎన్3 అనే సన్నని విమానపు బోల్టు నట్టుకు కావలసింది 20 నుంచి 25 అంగుళ-పౌండ్లే కాబట్టి, అంత చిన్న బలాన్ని చేతి అంచనాతో బిగించేవాడు తప్పకుండా ఎక్కువే బిగిస్తాడు. బోల్టు తిరిగే కీళ్ళ దగ్గర నైలాన్ నట్టు పనికిరాదు. అక్కడ గాడులున్న కాజిల్ నట్టు, అది ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్ను ఉండి తీరాలి.

కిట్ ఎంపికలో నిన్ను తప్పు పట్టను. దాని రూపకర్త క్రిస్ హైంజ్ కాంకార్డ్ విమానం మీద పనిచేసిన ఇంజనీరు. ఒంటరిగా పనిచేసేవాడి చేతికి ఏది అందుతుందో, ఏది అందదో తెలిసి గీసిన మనిషి. 6061-టీ6 అల్యూమినియం రేకులు, ఒకవైపు నుంచే లాగి బిగించే బ్లైండ్ రివెట్లు కాబట్టి, వెనుక ఇనుపదిమ్మె పట్టుకోవడానికి రెండో మనిషి అవసరం పడదు. నాకున్న భయం ఆయన గీసినదాని మీద కాదు, దాన్ని చూడగానే నీకు పుట్టబోయే ఆలోచనల మీద. చిన్నప్పుడు నీకు కొత్త సైకిలు కొనిపెడితే, బ్రేకు పట్టీ చేతికి అడ్డు వస్తోందని దాన్ని హ్యాండిల్ మధ్యకు మార్చి, మల్లేశ్వరం దిగువ వీధిలో పాలవాడిని గుద్దిన రోజు నేను మరిచిపోలేదు. నువ్వు చెప్పిన కారణం ఆ రోజు కూడా సబబుగానే ఉంది. నీ కారణాలు ఎప్పుడూ సబబుగానే ఉంటాయి, నా దిగులంతా అక్కడే.

అందుకని ఒక పాత తప్పును నీకు పూర్తిగా చెప్పాలి. 1997 అక్టోబరు 12 సాయంత్రం, కాలిఫోర్నియాలోని మాంటెరే విమానాశ్రయం నుంచి జాన్ డెన్వర్ అనే ప్రఖ్యాత గాయకుడు తన చిన్న విమానంలో ఒంటరిగా బయలుదేరాడు. అది బర్ట్ రుటాన్ రూపకల్పన చేసిన లాంగ్-ఈజీ, ఎవరో ఇంట్లో కట్టినది. ఆ ఆకారం మన ఊరికి కొత్తది కాదు. 1980లలో విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వారు ఇక్కడ ఎగరేసిన, చిన్న రెక్క ముక్కు దగ్గర ఉండే కెనార్డ్ విమానానికి ఆధారం కూడా అదే. డెన్వర్ దాన్ని కట్టినవాడు కాదు, కొన్నవాడు. అది చేతికి వచ్చి ఒక్క రోజే అయింది. అలాగని అనుభవం లేనివాడూ కాదు, 2,700 గంటలకు పైగా ఎగిరినవాడు.

రుటాన్ డ్రాయింగులో, ఏ ట్యాంకు నుంచి పెట్రోలు తీసుకోవాలో నిర్ణయించే వాల్వు పైలటు కాళ్ళ మధ్య, కళ్ళెదుట ఉంటుంది. కట్టినవాడికి ఆ అమరిక నచ్చలేదు. పెట్రోలు గొట్టాలు మనిషి కూర్చునే చోటికి రావడం ప్రమాదమని భావించి, వాల్వును సీటు వెనుక, ఎడమ భుజం వెనుకనున్న గోడకు మార్చాడు. మంచి ఉద్దేశమే కదా? తనిఖీ బల్ల ముందు నిలబడి ఆ మాట ఎవరైనా నాతో అని ఉంటే, ఒక క్షణం నేను కూడా తల ఊపి ఉండేదాన్నేమో. కానీ ఆ మార్పు తర్వాత వాల్వు తిప్పాలంటే విమానాన్ని నడిపే కర్ర, అంటే స్టిక్, మీద నుంచి చేయి తీసి, నడుము వెనక్కి తిప్పాలి. అలా తిరిగేటప్పుడు కుడికాలు తెలియకుండానే, విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను తొక్కుతుంది. పైగా ఆ పిడి బిగువుగా ఉండేది, ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో దాని మీద రాసి లేదు. పెట్రోలు ఎంత ఉందో చూపే గాజుగొట్టాలూ వెనుకనే ఉన్నాయి. బయలుదేరే ముందు అక్కడి టెక్నీషియన్ వాటిని చూసుకోవడానికి ఒక చిన్న అద్దం కూడా ఇచ్చాడు. పెట్రోలు పోయించుకోమంటే డెన్వర్ అక్కరలేదన్నాడు, గంటసేపే ఎగురుతానన్నాడు. కొన్నిసార్లు రన్‌వేను తాకి లేచాక సముద్రం మీదికి వెళ్ళాడు. ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇంజను తడబడిన శబ్దం వినిపించింది. విమానం కుడివైపుకు ఒరిగి, ముక్కు కిందికి పెట్టి నీళ్ళలో పడింది.

అమెరికా రవాణా భద్రతా సంస్థ తన నివేదికలో పైలటు లోపాన్ని రాసింది: వాల్వు అందుకోబోతూ దృష్టి మళ్ళి, తెలియక కుడి రడ్డర్ తొక్కి, అదుపు పోగొట్టుకున్నాడని. సరిపడా పెట్రోలు లేకుండా బయలుదేరాడనీ, కొత్త విమానంలో తగిన శిక్షణ పొందలేదనీ రాసింది. కానీ అక్కడితో ఆగలేదు. గుర్తులు లేని ఆ పిడిని చేతికందని చోట పెట్టిన నిర్ణయాన్ని, కట్టినవాడి నిర్ణయాన్ని, కారణాలలో ఒకటిగా చేర్చింది. ఒకడు తన షెడ్డులో తీరికగా కూర్చుని తీసుకున్న నిర్ణయం, తన ముఖం కూడా ఎరుగని ఇంకొకడి మీద పడింది. నువ్వు కూడా ఎప్పుడో నీ విమానాన్ని అమ్ముతావు, లేదా స్నేహితుణ్ణి ఎక్కిస్తావు.

అందువల్ల నా షరతు ఒక్కటే. వాల్వు, గొట్టం, ఫిల్టరు, పంపు, ట్యాంకు గాలిగొట్టం, ఈ ఐదింటిలో దేన్నీ డ్రాయింగులో ఉన్న చోటు నుంచి అంగుళం కూడా కదపకు. మార్చితే బాగుంటుందని బలంగా తోస్తే కంపెనీకి రాసి, జవాబు వచ్చేదాకా ఆ పని ఆపు. వాల్వు అమర్చాక సీట్లో కూర్చుని, బెల్టులు బిగించుకుని, కళ్ళు మూసుకుని దాన్ని తిప్పి చూడు. కళ్ళు తెరవవలసి వస్తే అమరికలో ఏదో తేడా ఉన్నట్టే.

ఇంజను మొదటిసారి తిప్పకముందు పెట్రోలు ప్రవాహం కొలవాలి, దీన్ని నేను దగ్గరుండి చూస్తాను. విమానం ముక్కును పైకెగిసే కోణానికి ఎత్తి, కార్బురేటరు దగ్గర గొట్టం విప్పి, క్యానులోకి వదలాలి. నీ రోటాక్స్ 912 ఇంజను పెద్దది, అంటే 100 హార్స్‌పవర్‌ది అయితే, టేకాఫ్‌లో గంటకు ఇంచుమించు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో వచ్చే ప్రవాహం దానికి 125 శాతం, కేవలం ఎత్తు నుంచి జారే ప్రవాహం 150 శాతం ఉండాలన్నది నియమం. నువ్వు కఠినమైన కొలతే పెట్టుకో: 10 నిమిషాల్లో దాదాపు 7 లీటర్లు పడాలి, అదీ ఒక్కో ట్యాంకు నుంచి విడివిడిగా, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేవరకు.

ఇక ఆ పెట్రోలు ఎక్కడిదన్నది. షెడ్డు పక్క బంకు నుంచి క్యానులో తెచ్చుకుంటే చవక అని నీకు తప్పక తోస్తుంది. రోటాక్స్ వారు అనుమతించేది 10 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలునే. మన బంకుల్లో ఇప్పుడు అమ్మేది 20 శాతం కలిసినది. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది, కొన్ని రకాల రబ్బరునూ సీలెంటునూ ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఆ మెత్తబడిన తునకలు ఎక్కడికి చేరతాయో నేను చెప్పనక్కరలేదు. ఎవరు ఏం చెప్పినా నమ్మక, కొలజాడీలో 10 గీత దాకా నీళ్ళు, ఆ పైన 100 గీత దాకా పెట్రోలు పోసి, బాగా కుదిపి, తేరనివ్వు. ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోతుంది. నీటి మట్టం ఇంచుమించు 19 దగ్గర ఆగితే 10 శాతం, 28 దాకా పెరిగితే 20 శాతం. జక్కూరులో శిక్షణ విమానాలకు పోసే విమానాల పెట్రోలు, ఏవ్‌గ్యాస్, కూడా ఈ ఇంజనుకు పనికివస్తుంది గానీ, అందులో సీసం ఉంటుంది కాబట్టి ఆయిలును మామూలుకన్నా త్వరగా మార్చాలి. ఖర్చే, పెట్టుకో.

మొదటి ఎగురుడు నువ్వు చేయవద్దు. ఈ రకం విమానం బాగా తెలిసిన పైలటును వెతికి, అతణ్ణి ఒంటరిగా ఎగరనివ్వు. ఇంట్లో కట్టిన విమానాల ప్రమాదాల మీద అమెరికావారు 2012లో చేసిన అధ్యయనంలో అన్నిటికన్నా ముందు కనబడినవి ఇంజను ఆగిపోవడం, అదుపు తప్పడం. ఈ రెంటికీ కొత్త విమానం, కొత్త పైలటు కలిసినప్పుడు అవకాశం ఎక్కువ. పైగా మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 33 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి 6,000 అడుగుల ఎత్తున ఉండేంత పలుచనవుతుంది. కంపెనీ కాగితం మీదున్న శక్తిలో ఆరో వంతు ఆ పలుచనలోనే పోతుంది. తెల్లవారుజామున, గాలి చల్లగా ఉన్నప్పుడే పెట్టుకోండి. ఆ పైలటు ఎక్కే ముందు, విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలకల, అంటే ఎయిలరాన్ల, కేబుళ్ళు తారుమారు కాలేదని ఇద్దరూ చూడండి: స్టిక్ పట్టుకుని బొటనవేలు పైకి నిలబెట్టి ఎడమకు వంచితే, వేలు ఏ వైపు చూపుతుందో ఆ వైపు ఎయిలరాన్ పైకి లేవాలి.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి కాగితం చేతికి రాకముందు కిట్‌కు డబ్బు కట్టవద్దు. ముంబైలో ఇంటి మేడ మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్ దాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టినా, రిజిస్ట్రేషన్ పత్రం అందేసరికి 2017 వచ్చింది. విమానం కట్టడం ఒక పని, దానికి మన దేశపు రిజిస్ట్రేషన్ గుర్తైన వీటీ అక్షరాలు తెచ్చుకోవడం మరో పని. ప్రతి రోజు పనినీ తేదీతో రాసి, మూసివేయబోయే ప్రతి అరకూ ఫోటో తీసి ఉంచు. తనిఖీకి వచ్చినవాడికి రెక్క లోపల ఏముందో చూపడానికి నీ దగ్గర ఉండేది ఆ ఫోటోలే.

మీ నాన్నకు నేను చెప్పను, నువ్వే చెప్పు, అదీ పెట్టెలు రాకముందే. వాడు అరుస్తాడు, రెండు పూటలు మాట్లాడడు, ఆ తర్వాత రివెట్ గన్ పట్టుకోవడానికి వాడే ముందుంటాడు. నా తమ్ముణ్ణి నీకన్నా ముందునుంచి ఎరిగినదాన్ని. ఆ షెడ్డులో ఒంటరిగా రాత్రిళ్ళు పని చేయకు, వేళకు తిను.

గొట్టాలు బిగించే వారం ఖాయం కాగానే కబురు పెట్టు. ఔటర్ రింగ్ రోడ్డు కిక్కిరిసేలోపు, ఆదివారం ఆరింటికే బయలుదేరి వస్తాను. కొలజాడీ నేనే తెస్తాను. గీతలున్న క్యాను, గరాటు, మంట ఆర్పే సిలిండరు నువ్వు సిద్ధంగా ఉంచు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య
విమానపుర, బెంగళూరు