పత్తి కట్టెలో బొగ్గు ఎంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాకు నాలుగెకరాల పత్తి ఉంది. ఏరుడు అయిపోయాక కట్టెను ఏటా పొలంలోనే తగలబెడుతున్నాం. ఈసారి డ్రమ్ములో బయోచార్, అంటే నేలకు వేసే బొగ్గు, చేద్దామనుకుంటున్నాం. ఇంతలో ఊరికి వచ్చిన ఒక వ్యాపారి తెల్లటి పొడి చూపించి, ఇది ఉత్ప్రేరకమనీ, కట్టెకు పట్టించి కాలిస్తే బొగ్గు రెట్టింపు వస్తుందనీ చెప్పాడు. కొనమంటారా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: కొనవద్దు. కారణం మీ చేతిలో ఉన్న కట్టెలోనే ఉంది. బాగా ఎండిన నూరు కిలోల పత్తి కట్టెలో ఉండే కార్బన్ దాదాపు 45 కిలోలు, అంతకు కాస్త అటూ ఇటూ. దాన్ని గాలి తగలకుండా 450 నుంచి 500 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడిచేస్తే సుమారు 30 కిలోల బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గులో నాలుగింట మూడు వంతులు, అంటే 22 కిలోలకు పైగా కార్బన్ ఉంటుంది. బొగ్గు రెట్టింపు కావాలంటే కట్టెలోని కార్బన్ మొత్తం అందులోనే నిలిచిపోవాలి, పొగలోకీ గ్యాసులోకీ రవ్వంత కూడా పోకూడదు. అలా జరిగే బట్టీ ఎక్కడా లేదు.

అలాగని ఉత్ప్రేరకం మాట బూటకమని కాదు. వేడెక్కిన కట్టెలోని పీచు పదార్థం సెల్యులోజ్ ముందు రెండు దారులున్నాయి. ముక్కలై ఆవిరిగా లేచి, చల్లారాక తారుగా మారడం ఒకటి. తనలోని నీటిని వదిలించుకుని, మిగిలిన కార్బన్‌ను బొగ్గుగా అల్లుకోవడం రెండోది. పొటాషియం లవణాలు కొద్దిగా ఉన్నా మొదటి దారి ఇరుకై రెండోది తెరుచుకుంటుంది, కట్టె విడిపోవడం కూడా కొంత తక్కువ ఉష్ణోగ్రతలోనే మొదలవుతుంది. ఇలా పొటాషియం చేర్చి చేసిన బయోచార్‌లో, ఎక్కువ కాలం నేలలో నిలిచే కార్బన్ 45 శాతం వరకు పెరగగలదని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించారు. అది ప్రయోగశాలలో, అదుపులో ఉంచిన వేడి మీద వచ్చిన ఫలితం. అక్కడ కూడా మీ వ్యాపారి చెప్పినంత పెరగలేదని గమనించండి.

ఇంకొక సంగతి. ఆ పొటాషియం పంట వ్యర్థాల్లో పుట్టుకతోనే ఉంది. టన్ను వరిగడ్డిలో 15 నుంచి 25 కిలోల దాకా ఉంటుందని అంచనా. పత్తి కట్టె, కంది కట్టె కూడా పొటాషియం లేనివేమీ కావు. కొట్టంలో పడి ఉన్న పొయ్యి బూడిదలోనూ ఇది దొరుకుతుంది. బూడిద నీళ్లు చల్లి చూడాలని ఎవరికైనా సరదా ఉంటే తప్పు పట్టను గానీ, తడిసిన కట్టెను మళ్లీ ఎండబెట్టుకోకపోతే ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట సగం ఖర్చయిపోతుంది. కట్టె విరిస్తే ఫట్టుమని విరగాలి. నా దృష్టిలో ఏ పొడి కన్నా ఆ ఎండుదనమే విలువైనది.

ఉత్ప్రేరకం చర్యలో పాల్గొన్నా తాను ఖర్చు కాదని బడిలో చదువుకున్నాం. ఖర్చు కాలేదంటే బొగ్గులోనే మిగిలి ఉందని అర్థం, ఆ బొగ్గు చేరేది మీ చేలోకి. అందుకే రసాయనం పేరు రాసి లేని పొడిని దగ్గరకు రానీయవద్దంటున్నాను. ఒకవేళ అది జింకు క్లోరైడ్ అయితే, దాన్ని వాడే చోటు కర్మాగారం. నీటి శుద్ధికి వాడే ఉత్తేజిత కార్బన్ తయారీలో దాన్ని ముడిపదార్థానికి పట్టించి వేడిచేస్తారు, ఆ తరువాత ఆమ్లంతో, నీటితో పదేపదే కడిగి జింకును తిరిగి రాబట్టుకుంటారు. అలా చేసిన కార్బన్‌లో గ్రాముకు వెయ్యి చదరపు మీటర్లకు మించిన ఉపరితలం రావచ్చు. ఆ కడుగుడు లేకుండా చేలో చల్లితే జింకు, క్లోరైడు మోతాదు మించి నేలకు చేరతాయి. చర్మానికి తగిలితే పుండు పడే పదార్థమది.

ఇక డ్రమ్ము విషయం. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రీడా అని పిలిచే సంస్థ, 200 లీటర్ల నూనె డ్రమ్ముతోనే రైతు స్థాయి బట్టీని రూపొందించి పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెలతో పరీక్షించింది. అడుగున రంధ్రాలు, పైన కట్టె వేసేందుకు ఒక నోరు, దానికి బిగుతైన మూత ఉంటే సరిపోతుంది. తెల్లటి దట్టమైన పొగ పలుచబడి నీలిరంగుకు తిరగగానే మూత వేసి, అడుగు రంధ్రాలను తడి మట్టితో మెత్తి గాలి ఆపేయాలి. ఆలస్యం చేస్తే చేతికి వచ్చేది బూడిదే. ఈ పని ఆరుబయటే చేయండి. పాక లోపల చేస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. తీసిన బొగ్గును నీళ్లతో పూర్తిగా తడిపే వరకు బస్తాలకు ఎత్తవద్దు, లోపల మిగిలిన నిప్పు రాత్రికి రాజుకుంటుంది.

ఎకరం పత్తికి వచ్చే కట్టె దాదాపు ఒక టన్ను, అందులో బొగ్గు మూడు క్వింటాళ్లలోపే. ఎకరానికి అంతే చొప్పున నాలుగెకరాల్లోనూ పలుచగా చల్లితే కంటికి కూడా ఆనదు. ఏడాదికి ఒక మడి చొప్పున ఎంచుకుని సాళ్లలో వేసుకోవడం మేలు. అయితే బొగ్గు ఎంత వచ్చినా రాకపోయినా, కట్టెను జనవరిలోపు చేలోంచి తీసేయడం వల్ల కలిగే లాభం వేరే ఉంది: విచ్చుకోని కాయల్లో దాగిన గులాబీ రంగు పురుగు వచ్చే పంటకు మిగలదు.

ప్రశ్న: జియోలైట్ ఉత్ప్రేరకం వాడితే బయోచార్ నాణ్యత పెరుగుతుందా?
– ఒక రసాయనశాస్త్ర విద్యార్థిని, కాకినాడ

జవాబు: జియోలైట్‌ను (సన్నని రంధ్రాలున్న ఖనిజం) సాధారణంగా వాడేది బొగ్గు కోసం కాదు, కట్టె వేడెక్కినప్పుడు లేచే ఆవిరి కోసం. పైరాలిసిస్‌లో (గాలి తగలకుండా వేడిచేసే పద్ధతి) ఆ ఆవిరి చల్లారితే వచ్చే జీవనూనెలో బరువు ప్రకారం 35 నుంచి 40 శాతం ఆక్సిజన్ ఉంటుంది, నీరూ ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 2–3 మధ్య ఉండటంతో ఇనుప గొట్టాలను తినేస్తుంది. జడ్‌ఎస్‌ఎం-5 వంటి జియోలైట్ల సన్నని రంధ్రాల గుండా ఆ ఆవిరిని పంపితే ఆక్సిజన్ నీరుగా, కార్బన్ ఆక్సైడ్లుగా వెళ్లిపోయి బెంజీన్, టోలుయీన్ తరహా పదార్థాలు మిగులుతాయి. ఉత్ప్రేరకాన్ని ముడిపదార్థంతో కలపకుండా వేరే గదిలో ఉంచితే బొగ్గు మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. అన్నట్టు, ఆ రంధ్రాల్లో కోక్ (బొగ్గులాంటి మసి) పేరుకుని జియోలైట్ త్వరగా మొద్దుబారుతుంది. ఆ కోక్‌ను కాల్చేసి దాన్ని మళ్లీ పనికి తేవాల్సి ఉంటుంది.

ప్రశ్న: మాది సున్నపుపాళ్లు ఎక్కువున్న నల్లరేగడి. బయోచార్ వేయవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ముందు భూసార పరీక్ష చేయించండి. బయోచార్‌లో బూడిద కూడా ఉంటుంది కనుక అది సాధారణంగా క్షార గుణం చూపిస్తుంది. పీహెచ్ 8 దాటిన నేలలో ఎక్కువగా వేస్తే జింకు, ఇనుము లోపాలు ముదరవచ్చు. ఆమ్ల గుణమున్న ఎర్ర నేలలకూ, నీరు నిలవని ఇసుక నేలలకూ దక్కే లాభం మీకు అంతగా దక్కదు. అయినా వేయాలనుకుంటే ఒక్క మడికే పరిమితం చేయండి, పచ్చి బొగ్గును నేరుగా వేయకండి. అది నేలలోని నత్రజనిని కొంతకాలం తనలో పట్టి ఉంచుతుంది. పశువుల ఎరువులో కలిపి, తడి ఆరకుండా నాలుగైదు వారాలు మాగనిచ్చి, ఆ తరువాతే దుక్కిలో వేయండి. వేయని మడిని పక్కనే ఉంచుకుంటే రెండు పంటల్లో తేడా మీకే తెలుస్తుంది.