కెనడా ఎక్కే కర్నూలు పిల్లలకు: ఆ మాటలు మూటగట్టుకుని రాకండి

పోయిన నెల సెలవుకు కర్నూలు వచ్చినప్పుడు, వెంకటరమణ కాలనీలో మా అక్కావాళ్ళింటికి ఒక సాయంత్రం నలుగురు వచ్చారు. నలుగురికీ కెనడా వీసాలు వచ్చాయి. నేను కాల్గరీలో 18 ఏళ్లుగా ఉంటున్నానని తెలిసి సందేహాలు అడగడానికి వచ్చారు. చలికి ఏం కొనాలి, అద్దె ఎంత, కందిపప్పు దొరుకుతుందా, వీటన్నిటికీ ఉగ్గాణి తింటూనే జవాబులు చెప్పేశాను. నంద్యాల కుర్రాడి ప్రశ్నకు మాత్రం ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను.

"అన్నా, అక్కడ నేటివ్స్ ఉంటారంట కదా. తాగి రోడ్ల మీద పడుంటారంట. టాక్స్ కట్టరు, గవర్నమెంటు ఊరికే డబ్బులిస్తాదంట. వాళ్ళుండే ఏరియాలో రూమ్ తీసుకోవద్దని మా సీనియర్ చెప్పినాడు. నిజమేనా?"

నేటివ్స్ అంటే కెనడా ఆదివాసులు. ఆ పిల్లోడు ఇంకా విమానం ఎక్కలేదు. వాళ్ళలో ఒక్క మనిషినీ చూడలేదు. అయినా వాళ్ళెలాంటివాళ్ళో కర్నూలులో కూర్చునే తేల్చుకున్నాడు. తప్పు వాడిది కాదు, వాడికి చెప్పినవాళ్ళది. అక్కడ మన రూముల్లో ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు రైస్ కుక్కరుతో పాటు ఈ మాటలూ అందుతుంటాయి.

ముందు టాక్స్ సంగతి. ఆ ఆదివాసుల్లో ఫస్ట్ నేషన్స్, మెటీ, ఇనుయిట్ అని మూడు వర్గాలున్నాయి. ఫస్ట్ నేషన్స్‌లో చట్టం ప్రకారం నమోదైనవాళ్ళకు, రిజర్వులో, అంటే వాళ్ళకు కేటాయించిన నేలలో, సంపాదించే ఆదాయం మీద మాత్రమే ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. కాల్గరీ డౌన్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తే జీతంలో నీకెంత కోత పడుతుందో వాళ్ళకూ అంతే. మెటీ, ఇనుయిట్ ప్రజలకు ఆ మినహాయింపు కూడా లేదు. ఇక ఊరికే ఇచ్చే డబ్బు. కాల్గరీ చుట్టుపక్కల నేలంతా 1877లో ప్రభుత్వం ఫస్ట్ నేషన్స్‌తో రాసుకున్న ఏడో ఒప్పందం కిందికి వస్తుంది. ఆ ఒప్పందం ప్రకారం మనిషికి ఏడాదికి దక్కేది 5 డాలర్లు. ఇవాళ్టికీ అంతే. నువ్వు పొద్దున తాగే కాఫీకి సరిపోతుందేమో! రిజర్వుల్లో బడికి, వైద్యానికి కేంద్ర ప్రభుత్వం ఖర్చు పెడుతుంది, నిజమే. మిగతావాళ్ళకు అదే ఖర్చు రాష్ట్రం పెడుతుంది. దాన్ని దానం అని ఎవరూ అనరు. తాగుడు గురించి కూడా విను. మందు అసలు ముట్టనివాళ్ళు మిగతా కెనడా జనంలో కంటే ఫస్ట్ నేషన్స్ పెద్దవాళ్ళలోనే ఎక్కువ శాతమని ఆరోగ్య సర్వేల్లో తేలింది. రైలు స్టేషన్ దగ్గర కనిపించిన ఒక మనిషిని చూసి లక్షల మందికి పేరు పెట్టేస్తున్నాం.

ఆ మనిషి అక్కడికెలా చేరాడో కూడా తెలుసుకోవాలి. వీళ్ళు అనాగరికులు, పిల్లల్ని పెంచడం చేతకాదు అన్న మాట మీదే అక్కడ చట్టాలు నిలబడ్డాయి. 1876లో ఇండియన్ యాక్ట్ వచ్చింది. అక్కడ ఆ చట్టంలో ఇండియన్ అంటే మనం కాదు, ఫస్ట్ నేషన్స్ వాళ్ళు. పశ్చిమ తీరంలో వాళ్ళ పెద్ద వేడుక పాట్లాచ్‌ను 1885 నుంచి 1951 వరకు నేరంగా లెక్కగట్టారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. 1,50,000 మందికి పైగా పిల్లలు వాటిలో పెరిగారు, వేలమంది చనిపోయారు. చివరి బడులు మూతపడింది 1990లలో. 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మా ఆఫీసులో ఒక సిక్సికా ఆవిడ ఉంది. సిక్సికా అంటే బ్లాక్‌ఫుట్ భాష మాట్లాడే ఒక ఫస్ట్ నేషన్. వాళ్ళమ్మ అలాంటి బడిలోనే పెరిగింది. సొంత భాష మాట్లాడితే పడిన దెబ్బలు తలుచుకుని, పిల్లలకు బ్లాక్‌ఫుట్ భాష నేర్పలేదట. ఆవిడ ఇప్పుడు 50 ఏళ్ల వయసులో సాయంత్రం క్లాసుకెళ్లి అమ్మ భాష అక్షరాలు దిద్దుకుంటోంది.

ఆవిడను ఒకసారి మన సంక్రాంతి సంబరాలకు పిలిచాను. స్టేజీ మీద మన పిల్లలు 'ఆటవిక నృత్యం' అని చేశారు. మొహాలకు మసి, నడుముకు ఆకులు, తలకు ఈకలు, చేతుల్లో అట్ట బల్లేలు, నోటితో అర్థం లేని అరుపులు. హాలంతా చప్పట్లు. ఆవిడ మాత్రం కొట్టలేదు. "వీళ్ళెవరు?" అని అడిగింది. మా నల్లమలలో ఉండే చెంచులు అన్నాను. "నువ్వు చూశావా వాళ్ళని? ఇలాగే ఉంటారా?" అంది.

చూశాను. మాది ఆత్మకూరు. మా నాన్న అంగడికి తేనె తెచ్చే ఒక చెంచాయన ఉండేవాడు. చొక్కా, పంచె, భుజాన తువ్వాలు. మాట్లాడేది మన తెలుగే. తేనెపట్టు మొత్తం కోయకూడదు, ఈగలకు కొంత వదిలేయాలి అని నాకు ఎనిమిదేళ్లప్పుడు చెప్పింది ఆయనే. ఆయన ఒంటి మీద ఏనాడూ ఆకులు చూడలేదు, ఆయన నోట ఏ అరుపూ వినలేదు. అహోబిలంలో మనమంతా చెంచులక్ష్మి అమ్మవారికి మొక్కుతాం. నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడని చెప్పుకుంటాం, పారువేటకు పల్లకి వస్తే ఎదురెళ్తాం. ఆ ఇంటివాళ్ళను స్టేజీ ఎక్కించేసరికి మాత్రం మసి పూస్తున్నాం. ఆ రాత్రి ఆవిడకు సారీ చెప్పాను. మరుసటి ఏడాది కమిటీతో కొట్లాడి ఆ ఐటమ్ తీసేయించాను.

ఇది మీకు నేను ఎక్కువ విడమరచి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ హాస్టల్లో "కర్నూలా? బ్యాగులో బాంబులున్నాయా?" అని మనలో ఎంతమందిని అడగలేదు! సినిమాల్లో కొండారెడ్డి బురుజు కనిపించిందంటే సుమోలు, కత్తులే కదా. ఆ మాటతో మనకు ఒక పూట మనసు చివుక్కుమంది, అంతే. వాళ్ళకు పిల్లలు పోయారు, భాషలు పోయాయి. ఆ రెండూ ఒకటని నేను అనను. కానీ చూడకుండా పెట్టిన పేరు ఎలా అంటుకుంటుందో మనకు తెలుసు.

పిలుపు విషయంలో జాగ్రత్త. రెడ్ ఇండియన్, ఎస్కిమో అనే మాటలు వాడొద్దు. ఎడ్మంటన్ ఫుట్‌బాల్ జట్టు కూడా ఆ రెండో పేరును 2020లో వదిలేసింది. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. కాల్గరీ నైరుతి అంచున ఉన్న సూతినావాళ్ళ భాషకూ, సిక్సికావాళ్ళ భాషకూ, కొండల వైపు ఉన్న స్టోనీ నకోడావాళ్ళ భాషకూ చుట్టరికమే లేదు. ఏ నేషన్, అంటే ఏ తెగ, అని మర్యాదగా అడిగితే చెప్తారు. రేపు మీరు పౌరసత్వం తీసుకునేటప్పుడు చేసే ప్రమాణంలో కూడా ఈ ప్రజల ఒప్పంద హక్కుల ప్రస్తావన ఉంటుంది. 2021లో చేర్చారు.

నంద్యాల తమ్ముడూ, రూము అద్దె, బస్సు చూసుకుని తీసుకో. పక్కింట్లో ఎవరున్నారో చూసి కాదు.

ఆదోని నుంచి వచ్చిన అమ్మాయి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఇంకో మాట అడిగింది. హాలోవీన్ వేషానికి పాపకు ఈకల కిరీటం డ్రెస్ ఆన్‌లైన్లో చూశానని, చాలా ముద్దుగా ఉందని. అది కొనొద్దమ్మా. మైదాన ప్రాంతపు తెగల్లో ఆ కిరీటం పెద్దలు పెట్టుకునేది, ఒక్కో ఈకనూ చేసిన పనితో సంపాదించుకోవాలి. పాపకు సీతాకోకచిలుక రెక్కలు కొను. కాల్గరీలో అక్టోబరు ఆఖరుకు మంచు పడొచ్చు, లోపల స్వెటర్ పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకో.