పశువుల ఎరువు తోలుతున్నా నల్లరేగడి ఎందుకు పెచ్చు కడుతోంది?

ఏటా పశువుల ఎరువు తోలుతున్నా వాన పడితే బురద, ఎండితే పెచ్చు అవుతోందనీ, మట్టిలోని లోహాలకు దీనితో సంబంధం ఉందా అనీ అడిగారు. ఉందండి, చాలా ఉంది.

మాది గుంటూరుకు పడమటి వైపు రేగడి చేను. సగానికి సాగర్ కుడి కాలువ నీళ్లు, సగానికి బోరు. రెండు చోట్లా మిరపే, ఎరువూ ఒకటే. కాలువ పారే సగం గుల్లగా ఉండేది, బోరు సగం పిడచ కట్టేది. ఆ తేడా బోరు నీళ్లలోని సోడియం వల్ల.

బంకమట్టి రేణువుకు రుణావేశం. ఎరువు చివికితే మిగిలే నల్లటి పదార్థం హ్యూమస్‌కూ రుణావేశమే. కాబట్టి వాటంతట అవి కలవవు. రెండు ధనావేశాలున్న కాల్షియం మధ్యలో చేరితే ఇటు మట్టినీ అటు హ్యూమస్‌నూ పట్టి ఉంచుతుంది. అలా కట్టిన చిన్న ఉండలను శిలీంధ్రాల పోగులు, వేళ్ల జిగురు చుట్టి పెద్దవి చేస్తాయి. ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఈ పని ఎక్కువగా చేస్తాయి, మన రేగడిలో కాల్షియందే పెత్తనం. సోడియంకు ఉన్నది ఒక్క ఆవేశమే, అది కాల్షియం చోటు ఆక్రమిస్తే తడి తగలగానే రేణువులు విడిపోతాయి. క్షారం బాగా పెరిగితే హ్యూమస్ కూడా కరిగి నీళ్లతో పోతుంది. ఎంత ఎరువు తోలినా నిలవకపోవడానికి కారణం ఇదే.

ఎండిన చిన్న బెడ్డను గాజుగ్లాసులో వాననీటిలో వేసి, కదపకుండా రెండు మూడు గంటలు చూడండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు అసలు సంగతిని కప్పేస్తాయి. బెడ్డ విడిపోయినా నీళ్లు తేటగా ఉంటే సేంద్రియ పదార్థం చాలలేదు. చుట్టూ పాలలా కమ్మితే సోడియం ఎక్కువైంది.

రెండోదైతే మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించండి. పీహెచ్ 8.5, మార్పిడి సోడియం (మట్టి రేణువులను అంటుకుని ఉన్న సోడియం వాటా) 15 శాతం దాటితే క్షార చౌడు. దానికి మందు కాల్షియం ఉన్న జిప్సం. మోతాదు ఆ రిపోర్టు చూపించి గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలో అడగండి, పక్క రైతును చూసి వేయకండి. రేగడిలో సున్నపు గులకలు ఉన్నాయి కదా అనుకోవద్దు, క్షారంలో ఆ కాల్షియం దాదాపు కరగదు. జిప్సం కరుగుతుంది, దాని కాల్షియం సోడియంను ఊడగొట్టి ఆ చోటు తీసుకుంటుంది. మట్టిలో కలిపి, మంచి నీళ్లు కట్టి, ఊడిన సోడియం కొట్టుకుపోయేలా మురుగు దారి తీయండి. ఆ తర్వాతే పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. అది కుళ్లేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆ సున్నాన్నీ కొంత కరిగిస్తుంది. మా బోరు సగం ఈ వరుసలో చేశాకే దారికొచ్చింది.

తడి మీద మాత్రం రోటవేటర్ తిప్పకండి, కట్టిన ఉండలు మళ్లీ నలిగిపోతాయి.