తల కదిలిన స్కాన్‌ని లెక్కలతో సరిచేయొచ్చా?

"మెదడు స్కాన్ల పరిశోధనల్లో వయసు, తల కదలిక లాంటివి కంట్రోల్ చేశామని రాస్తారు కదా, ఇక ఆ ఫలితాన్ని నమ్మొచ్చా?" అని ఒకరు అడిగారు. కంట్రోల్ చేయడమంటే వాటి ప్రభావాన్ని లెక్కల్లో తీసేయడం. ఆ ఒక్క మాట చూసి నమ్మొద్దు. నేను నెల్లూరులో ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని, ఆ కదలికలు రోజూ చూసేవాణ్ణి.

ఉదయగిరి వైపు నుంచి మతిమరుపు ఉన్న ఒక పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. చెవుల్లో దూది పెట్టి, తలకి రెండువైపులా స్పాంజి సర్ది లోపలికి పంపాను. "పెదనాన్నా, తల కదిలించమాక" అని మైకులో చెప్పిన ప్రతిసారీ ఆయన "సరే అబ్బయ్యా" అంటూ తల ఊపుతున్నాడు! బొమ్మలన్నీ మసకే. చివరికి కొడుకు జేబులు ఖాళీ చేయించి, లోపలికి పిలిచి, తండ్రి పాదం పట్టుకుని నిలబడమన్నాక ఆయన స్థిమితపడ్డాడు. అదే వయసున్న ఆరోగ్యవంతులు చాలామంది చెప్పినట్టు కదలకుండా పడుకుంటారు. ఇప్పుడు ఈ ఇద్దరి స్కాన్లూ పోల్చితే కనిపించే తేడా జబ్బుదా, తల ఊపుడుదా?

తల కదిలితే మెదడు పైపొర ఉన్నదానికంటే పల్చగా కనిపిస్తుంది. మెదడు పనిచేసేటప్పుడు రక్తంలో వచ్చే మార్పుల్ని చూసే ఎఫ్ఎంఆర్‌ఐలో ఇంకా ఘోరం. మిల్లీమీటరు కూడా లేని కదలికకే మెదడులో దూరపు భాగాల మధ్య సంబంధం (అవి కలిసి పనిచేయడం) తగ్గినట్టు, దగ్గరివాటి మధ్య పెరిగినట్టు కనిపిస్తుందని 2012లో వేర్వేరు బృందాలు చూపించాయి. పిల్లలు పెరిగేకొద్దీ దూరపు కనెక్షన్లు బలపడతాయని అంతకుముందు చెప్పినదాంట్లో కొంత, చిన్నపిల్లలు ఎక్కువ కదలడం వల్ల వచ్చిందే. జరగడం మూడు దిక్కుల్లో, తిరగడం మూడు దిక్కుల్లో, తల కదలికకి ఉండే ఆ ఆరు కొలతలూ రిగ్రెషన్‌లో (ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసే లెక్కలో) వేసినా ప్రభావం పూర్తిగా పోదు. పైగా కదిలేది ఎక్కువగా రోగులే అయితే, కదలికని తీసేసేటప్పుడు జబ్బు తేడా కూడా కొంత దాంతోపాటే పోతుంది.

ఇంకోటి చెప్పాలి. ప్రాజెక్టు వాళ్లు వచ్చి సీడీలు పట్టుకెళ్తారు, ఎవరు కదిలారో, ఎవరికి రెండోసారి తీశామో మమ్మల్ని ఒక్కమాట అడగరు. ఒక కుర్రాడైతే రోగుల స్కాన్లన్నీ పాత 1.5 టెస్లా (అయస్కాంతం బలానికి కొలత) మిషన్‌వి, మామూలువాళ్లవన్నీ కొత్త 3 టెస్లావి తీసుకుని "స్కానర్‌ని కూడా కోవేరియేట్‌గా వేశాను సార్" అన్నాడు, అంటే మిషన్ తేడాని కూడా లెక్కల్లో తీసేశానని. మిషన్ మారినచోటే గుంపూ మారితే ఇక ఏ సాఫ్ట్‌వేర్ విడదీస్తుంది? ప్రతి మిషన్ మీదా రెండు రకాలవాళ్లనీ తీయాలి, అది స్కాన్‌కి ముందే చూసుకోవాల్సిన పని.

కాబట్టి పేపర్లో రెండు గుంపుల కదలికా విడివిడిగా ఇచ్చారా, కదిలినందుకు ఏ గుంపులో ఎంతమందిని తీసేశారు అన్నది వెతకండి. అది లేకపోతే నేనైతే ఆ పేపరు పక్కన పెట్టేస్తాను.